చెస్ట్‌నట్ వనాల పతనం

అమెరికాలోని అప్పలాచియన్ కొండల్లో వేసవి మొదట్లో చెస్ట్‌నట్ చెట్లు పూసేవి. మీగడ రంగు పూతతో కొండలకు కొండలే తెల్లబడేవి. శరదృతువులో కాయలు రాలితే పందులు వాటినే మేసి బలిసేవి. పేద పిల్లలు ఏరి అమ్ముకుని బూట్లు కొనుక్కునేవారు. దాని కలప ఒక పట్టాన పుచ్చేది కాదు. ఊయల, కంచె, రైలు పట్టాల కింది స్లీపరు, చివరికి శవపేటిక కూడా ఆ మానుదే.

1904లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్ జంతు ప్రదర్శనశాలలో కొన్ని చెస్ట్‌నట్ చెట్లు ఎండిపోతుండటం అక్కడి చెట్ల సంరక్షకుడు హెర్మన్ మెర్కెల్ కంటబడింది. కారణం ఒక శిలీంధ్రమని పక్కనే ఉన్న బొటానికల్ గార్డెన్‌లోని విలియం మురిల్ తేల్చాడు. తోటల్లో పెంచుకుందామని ముచ్చటపడి ఆసియా నుంచి తెప్పించిన చెస్ట్‌నట్ మొక్కలతో అది వచ్చిపడింది. ఆ మొక్కలు దాన్ని తట్టుకోగలవు. అమెరికా చెట్టుకు ఆ శక్తి లేదు.

బెరడు మీద చిన్న గాటు చాలు, శిలీంధ్రం లోపలికి దూరి లేత పసుపు విసనకర్రలా పరుచుకుంటుంది. పైన నారింజ రంగు పొక్కులు లేస్తాయి. పుండు మాను చుట్టూ తిరిగి కలిసిందంటే, దానికి పైనున్నదంతా మాడిపోవాల్సిందే. గాలి, వాన, పురుగులు, పిట్టల కాళ్లు ఆ రోగాన్ని చెట్టు నుంచి చెట్టుకు మోశాయి.

మెర్కెల్ జబ్బు కొమ్మలు కొట్టించాడు, బోర్డో మిశ్రమం అనే శిలీంధ్రనాశక మందు చల్లించాడు. మందు బెరడు పైనే ఉండిపోయింది, రోగం లోపల పాకింది. 1911లో పెన్సిల్వేనియా ప్రభుత్వం తెగులును అరికట్టడానికి కమిషన్ వేసి 2,75,000 డాలర్లు కేటాయించింది. రెండేళ్లకే అదీ చేతులెత్తేసింది. నన్ను ఎక్కువగా కలచివేసేది మరొకటి. ఎలాగూ చచ్చేవే కదా, కలపైనా దక్కుతుందని జనం పచ్చని చెట్లను కూడా నరుక్కున్నారు. తెగులును తట్టుకునే చెట్టు వాటిలో ఒక్కటైనా ఉండేదేమో! 1950 నాటికి దాదాపు 400 కోట్ల చెట్లు పోయాయని అంచనా.

వేళ్లు మాత్రం చాలాచోట్ల చావలేదు. నేలలోని సూక్ష్మజీవులు శిలీంధ్రాన్ని అక్కడికి చేరనివ్వవు. మొదళ్ల నుంచి నేటికీ పిలకలు లేస్తున్నాయి. కాస్త ఎదిగి బెరడు పగుళ్లిచ్చేసరికి తెగులు మళ్లీ పట్టుకుంటుంది. కాయ కాసేదాకా బతికేవి అరుదు.

విదేశీ మొక్కల రాకను కట్టడి చేసే చట్టం అమెరికాలో 1912లో వచ్చింది. అప్పటికే ఆలస్యమైంది. మొక్కల వెంట ముప్పు వెళ్లడం నేటికీ జరగొచ్చు. అందుకే పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే అమ్మలకు, నాన్నలకు నా మనవి ఒక్కటే: నిమ్మ, నారింజ తోటలను పాడుచేసే పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది. పెట్టెలో కరివేప మొక్కగానీ పచ్చి రెబ్బగానీ పెట్టుకెళ్లకండి.