మూడోసారి! ఈ పాట ఎవరి ఇంటి కొరకు?



కోతకాలపు పండుగనాడు ఆరాధన ముగిశాక మందిరపు ఆవరణలో జరిగే సందడి మీరెరిగినదే. ఒకరు చింతపండు తెస్తారు, ఒకరు వేరుశెనగకాయలు, మరొకరు నాటుకోడి. యౌవనస్థులు వాటిని బల్లమీద పెట్టి వేలము పాడతారు: ఒకటోసారి, రెండోసారి, మూడోసారి! యాభై రూపాయల గుమ్మడికాయ ఐదువందలకు పోతుంది. పాడుకున్నవారే దానిని తిరిగి ఇచ్చి, మళ్లీ పాట పెట్టమంటారు. అందరూ నవ్వుతారు. అయితే ప్రియులారా, ఆ ఐదువందలు ఎవరి ఇంటికి చేరాలి? దీనిని గూర్చి మన ప్రాంతపు చరిత్ర కొంత నేర్పిస్తుంది.

చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. నాలుగేండ్లకు, 1915లో, ఆ జిల్లాలోని మదనపల్లె దగ్గర ఆరోగ్యవరములో క్షయరోగుల కొరకు శానిటోరియం వెలిసింది. అనేక మిషనులు కలిసి నడిపినవి గనుక దానికి యూనియన్ మిషన్ అని పేరు. డెన్మార్కు దేశస్థుడైన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోడ్ మోలర్ దాని స్థాపకుడు. ఆనాడు క్షయకు మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ కనుగొన్నదే 1943లో. మంచి గాలి, విశ్రాంతి, బలమైన ఆహారము, ఇవే వైద్యము. నెలల తరబడి రోగి అక్కడే ఉండాలి.

ఒక్కసారి ఆలోచించండి. ఆ రోగి ఇంటి యజమాని అయితే? దుక్కి దున్నేదెవరు? కూలి తెచ్చేదెవరు? పడకపట్టేది ఒక్కరే గాని పస్తులుండేది ఇంటిల్లిపాది.

అదే డెన్మార్కులో 1904లో ఐనర్ హోల్బోల్ అనే తపాలా ఉద్యోగి ఒక సంగతి ఆలోచించాడు. క్రిస్మస్ ఉత్తరముల మీద తపాలా బిళ్లతోపాటు మరొక చిన్న బిళ్ల అంటిస్తే, ఆ సొమ్ము రోగులైన పిల్లలకు ఉపయోగపడదా? మొదటి ఏడాదే 40 లక్షలకు పైగా బిళ్లలు అమ్ముడైనవి. 1907లో అమెరికాలో ఎమిలీ బిస్సెల్ అనే సోదరి ఒక చిన్న క్షయ ఆసుపత్రి కొరకు 300 డాలర్లు కావలసి, ఒక్క సెంటుకొక బిళ్ల చొప్పున అమ్మించింది. పదింతలు వచ్చింది. మన దేశములోను 1950లో టి.బి. సీళ్ల అమ్మకము మొదలైనది. మీలో పెద్దవారు బడిలో వాటిని కొనే ఉంటారు. చిన్న కాసుకు ఎంత విలువ ఉన్నదో విధవరాలి కానుక మనకు ఏనాడో నేర్పినది కదా!

తరువాత మందులు వచ్చినవి. ఇంటి దగ్గరే మందులు వాడినా శానిటోరియంలో ఉన్నంతగానే నయమవుతుందని 1959లో ప్రచురించిన మద్రాసు పరిశోధన చూపింది. ఇది గొప్ప మేలు. అయితే రోగి ఇంటికి వచ్చాడు గాని, ఇంటి భారము తగ్గలేదు.

నేడు తిరుపతిలో స్విమ్స్ ఉంది, 2022లో ప్రారంభమైన క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వలన ఎందరో పేదలకు ఆపరేషన్లు జరిగినవి. అందుకు కృతజ్ఞులమే. కాని పలమనేరు నుండి తిరుపతికి నెలకు నాలుగుసార్లు బస్సు ఛార్జీ ఎవరిస్తారు? రోగికి తోడున్న భార్య పోగొట్టుకున్న కూలి ఎవరిస్తారు? పిల్లవాని స్కూలు ఫీజు?

ప్రియులారా, ఆసుపత్రి బిల్లులో కనబడని ఈ ఖర్చులకే మన ఆవరణలోని అమ్మకము అక్కరకు వస్తుంది. ఈ ఏడాది పాట మొదలుపెట్టక మునుపే ఇద్దరు నమ్మకస్థులను ఏర్పరచుకోండి. ఏ ఇంట్లో ఎవరు మంచము పట్టారో వారు కనుగొననివ్వండి. లెక్క సంఘమునకు చెప్పండి, ఆ ఇంటి పేరు మాత్రము మైకులో చెప్పవద్దు. జబ్బుపడినవారికి మానము కూడా ఉన్నది. ఒక్క పండుగతో ఆపక, నెలనెలా వెళ్లి తలుపు తట్టండి.

అప్పుడు మూడోసారి అని కేక వేసినప్పుడు, ఆ గుమ్మడికాయ ఎవరి పొయ్యి వెలిగిస్తుందో పాడినవానికి తెలియకపోయినా, ఆ పొయ్యి మాత్రము వెలుగుతుంది.