నచ్చితే పది డాలర్లు

పాత మెకింటాష్ తెర మీద ఎడమ మూలన చిన్న ఆపిల్ బొమ్మ ఉంటుంది. దాని మీద మౌసు నొక్కి పట్టుకుంటే ఒక జాబితా దిగుతుంది. అందులో మొదటి వరుస, అప్పుడు నడుస్తున్న ప్రోగ్రాము ఎవరిదో చెబుతుంది. పెద్ద కంపెనీ సరుకైతే కంపెనీ పేరు, కాపీరైటు హెచ్చరిక కనబడతాయి. షేర్‌వేరైతే ఒక మనిషి కనబడతాడు. పేరు, ఇంటి నంబరు, వీధి, ఊరు, కింద ఒక మనవి ఉంటాయి. ఇది మీకు పనికొస్తే పది డాలర్లో ఇరవై డాలర్లో పంపండి, స్నేహితులకి కూడా కాపీ ఇవ్వండి అని. ముక్కూ మొహం తెలియని వాడికి తన ఇంటి అడ్రసు ఇచ్చి, వస్తువంతా ముందే చేతిలో పెట్టి, డబ్బు సంగతి నీ మనస్సాక్షికే వదిలేస్తున్నానన్న ఆ చిన్న కిటికీ నాకు కంప్యూటర్ల చరిత్రలో అన్నిటికంటే ఇష్టమైన చోటు.

మామిడిపళ్ళ బండి దగ్గర ముక్క కోసి చేతిలో పెడతారు, రుచి చూసి కొనుక్కోమంటారు. షేర్‌వేర్ వాళ్ళు ముక్కతో సరిపెట్టలేదు. పండంతా ఇచ్చేశారు. తిన్నాక డబ్బు పంపమన్నారు.

ఇది మొదలైంది మెకింటాష్ మీద కాదు. 1982లో కాలిఫోర్నియాలో ఆండ్రూ ఫ్లూగెల్‌మన్ అనే సంపాదకుడు, తనతో కలిసి పుస్తకం రాస్తున్న రచయిత్రితో ఫైళ్ళు ఇచ్చిపుచ్చుకోడానికి ఐబీఎం పీసీ మీద పీసీ-టాక్ అనే ప్రోగ్రాము రాసుకున్నాడు. అది అమ్మాలంటే డబ్బాలు, ప్రకటనలు, దుకాణాలు కావాలి. అమెరికాలో ప్రజా టీవీ స్టేషన్లు ప్రేక్షకులను చందాలడిగి నడుస్తాయి. ఆ పద్ధతి ప్రోగ్రాములకెందుకు పనికిరాదని అతనికి తోచింది. దానికి ఫ్రీవేర్ అని పేరు పెట్టి, ఆ పేరును ట్రేడ్‌మార్కు చేయించాడు. ఇవాళ మనం ఫ్రీవేర్ అంటే పైసా అక్కర్లేనిదని అర్థం చేసుకుంటాం. ఆ మాట పుట్టిన రోజున దానర్థం ముందు వాడుకో, తర్వాత ఇవ్వు అని.

అదే ఏడాది వాషింగ్టన్ రాష్ట్రంలో ఐబీఎం ఉద్యోగి జిమ్ నాఫ్ తన డేటాబేస్ ప్రోగ్రాముతో అదే ప్రయోగం చేస్తున్నాడు. ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలియదు. రెండు ప్రోగ్రాములూ వాడే ఒకాయన చెబితే తెలిసింది. మాట్లాడుకున్నారు. నాఫ్ తన ప్రోగ్రాము పేరును పీసీ-ఫైల్‌గా మార్చాడు, ధర ఇద్దరూ ఒకటే పెట్టారు, ఒకరి ప్రోగ్రాము గురించి ఇంకొకరు తమ కాగితాల్లో చెప్పుకున్నారు. పోటీ పడాల్సిన ఇద్దరు చేతులు కలిపారు. ఫ్రీవేర్ అన్న పేరు ఫ్లూగెల్‌మన్‌ది కాబట్టి మిగతావాళ్ళకి వేరే మాట కావలసి వచ్చింది. మైక్రోసాఫ్ట్ తొలి ఉద్యోగుల్లో ఒకడైన బాబ్ వాలెస్ 1983లో పీసీ-రైట్ విడుదల చేసి షేర్‌వేర్ అన్నాడు. ఆ మాట నిలిచిపోయింది.

ఫ్లూగెల్‌మన్ కథలో మరో ముడి ఉంది. 1984 జనవరి 24న ఆపిల్ మొదటి మెకింటాష్‌ను జనం ముందు పెట్టినప్పుడు, దాని కోసమే పుట్టిన మాక్‌వరల్డ్ పత్రికకి మొదటి సంపాదకుడు అతనే. మరుసటేడు జులైలో అతను కనబడకుండా పోయాడు. కారు గోల్డెన్ గేట్ వంతెన దగ్గర దొరికింది. నచ్చితే డబ్బు పంపండి అన్న ఆలోచన మాత్రం అప్పటికే మెకింటాష్ ఇళ్ళలోకి నడిచి వెళ్ళింది.

మొదటి మెకింటాష్ ఖరీదు 2,495 డాలర్లు. మెమరీ 128 కిలోబైట్లు. 400 కిలోబైట్ల ఫ్లాపీ ఒక్కటే ఆధారం. దాని మీద నడిచే ప్రోగ్రాము రాయాలంటే మొదట్లో దానికంటే ఎంతో ఖరీదైన లీసా కంప్యూటరు కావాలి. ఇంట్లో కూర్చుని రాసుకునే వాడికి అది అందని పండు. మెకింటాష్ మీదే కూర్చుని మెకింటాష్‌కి రాసుకునే సాధనాలు చౌకగా దొరకడం మొదలయ్యాక, ముఖ్యంగా 1986లో లైట్‌స్పీడ్ సీ వచ్చాక, విద్యార్థులు, డాక్టర్లు, ఉద్యోగం చేసుకుంటూ రాత్రిళ్ళు మేలుకునేవాళ్ళు రంగంలోకి దిగారు. అంతకుముందే స్కాట్ వాట్సన్ రాసిన రెడ్ రైడర్, మోడెమ్ ద్వారా ఇతర కంప్యూటర్లతో మాట్లాడే ప్రోగ్రాము, షేర్‌వేర్‌తో బతకవచ్చని మెకింటాష్ వాళ్ళకి చూపించింది.

ఇంటర్నెట్ ఇంటింటికీ రాని రోజులవి. ప్రోగ్రాములు చేతుల మీదుగా తిరిగేవి. బర్కిలీలో 1984లో మొదలైన మెకింటాష్ యూజర్ గ్రూపు, బోస్టన్ కంప్యూటర్ సొసైటీలోని మెకింటాష్ బృందం ఫ్లాపీల మీద ఫ్లాపీలు కాపీ చేసి కొద్దిపాటి రుసుముకి పంచేవి. యూనివర్సిటీ నెట్‌వర్కు అందుబాటులో ఉన్నవాళ్ళకి స్టాన్‌ఫోర్డ్‌లో ఇన్ఫో-మాక్ అనే భాండాగారం ఉండేది.

ఇక్కడొక చిక్కుంది. ఆ చిక్కు తెలిస్తేనే ఈ ప్రపంచం తెలుస్తుంది. పాత మెకింటాష్‌లో ఫైలంటే ఒకటి కాదు, రెండు భాగాలు. ఒక దాంట్లో సమాచారం. ఇంకో దాంట్లో బొమ్మలు, మెనూలు, కిటికీలు, ప్రోగ్రాము అసలు ప్రాణం. మిగతా కంప్యూటర్లకి ఈ రెండో భాగం ఉంటుందనే తెలియదు. వాటి గుండా ప్రోగ్రామును పంపిస్తే రెండో భాగం దారిలోనే రాలిపోతుంది. నా దగ్గరున్న పాత క్లాసిక్ 2 మెకింటాష్‌లోకి మొదటిసారి ఒక ప్రోగ్రామును తెచ్చుకున్నప్పుడు నాకు జరిగింది అదే. ఇప్పటి కంప్యూటరులో దించుకుని, విప్పి, అక్కణ్ణుంచి మెమరీ కార్డు మీద పెట్టి అటు మార్చాను. ప్రోగ్రాము గుర్తు ఉండాల్సిన చోట మూల మడిచిన ఖాళీ తెల్లకాగితం బొమ్మ కనబడింది. రెండుసార్లు నొక్కితే దీన్ని తయారుచేసిన ప్రోగ్రాము దొరకడం లేదంది. అదే ప్రోగ్రాము మొర్రో అంటే వినేదెవరు? ఆ సాయంత్రమంతా పోయింది.

ఈ చిక్కుకి పాతవాళ్ళు రెండు మందులు కనిపెట్టారు. ఒకటి బిన్‌హెక్స్. ఫైలు రెండు భాగాల్నీ కలిపి మామూలు అక్షరాలుగా మార్చేస్తుంది. ఉత్తరంలా ఏ దారినైనా వెళ్ళిపోతుంది. దాన్ని తెరిస్తే మొదటి వరుసలోనే, దీన్ని విప్పాలంటే బిన్‌హెక్స్ 4.0 కావాలని మామూలు ఇంగ్లీషులో రాసుంటుంది. కింద పేజీల కొద్దీ అర్థంకాని అక్షరాలు. ఎవరి చేతిలో పడినా ఇదేమిటో, ఏం చెయ్యాలో తెలియాలని మూట మీద చీటీ అంటించినట్టు.

రెండో మందు స్టఫిట్. 1987లో దాన్ని రాసిన రేమండ్ లావ్ న్యూయార్క్‌లో స్టైవెసెంట్ హైస్కూల్ విద్యార్థి. పదహారేళ్ళవాడు. ఫైళ్ళను రెండు భాగాలూ చెదరకుండా నొక్కి మూటగట్టే ఈ ప్రోగ్రామును షేర్‌వేర్‌గా వదిలాడు. కొద్ది కాలంలోనే మెకింటాష్ లోకమంతా అందులోనే మూటలు కట్టుకోవడం మొదలుపెట్టింది. ఒక బడిపిల్లాడు కట్టిన ముడి ఏళ్ళ తరబడి అందరికీ ఆనవాయితీ అయింది. కొత్తగా వచ్చినవాళ్ళకి ఒక్కటే కష్టం. స్టఫిట్ మూట విప్పాలంటే స్టఫిట్ కావాలి, ఆ స్టఫిట్టే మూటలో ఉంటే? అప్పట్లో మొదటి కాపీ స్నేహితుడి ఫ్లాపీలోంచి వచ్చేది. అందుకే యూజర్ గ్రూపులు అంత అవసరమయ్యాయి.

డబ్బు అసలే అడగనివాళ్ళు కూడా చాలామంది. నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో జాన్ నార్‌స్టాడ్ డిసిన్ఫెక్టెంట్ అనే వైరస్ నివారిణిని ఊరికే పంచాడు. కొత్త వైరస్ బయటపడిన ప్రతిసారీ దానికి తగ్గ కొత్త విడుదల వచ్చేది. వర్డ్ ఫైళ్ళలో దూరే మాక్రో వైరస్‌లు తన ప్రోగ్రాముకి లొంగేవి కావని తేలాక, జనం తప్పుడు ధీమాతో ఉండకూడదని 1998లో దాన్ని విరమించాడు. ఆ నిజాయితీ ముందు నేను తల వంచుతాను. వేన్ రాస్‌బాండ్ అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో సూక్ష్మదర్శిని చిత్రాలను కొలిచే ఎన్ఐహెచ్ ఇమేజ్ రాసి లోకానికి వదిలేశాడు. దాని వారసుడు ఇమేజ్‌జె ఇవాళ్టికీ జీవశాస్త్ర ప్రయోగశాలల్లో నడుస్తోంది. ఇల్లినాయ్ యూనివర్సిటీలో స్టీవ్ డోర్నర్ ఈమెయిలుకి యుడోరా రాశాడు, డార్ట్‌మత్ కాలేజీలో జిమ్ మాథ్యూస్ ఫైళ్ళు తెచ్చిపెట్టే ఫెచ్ రాశాడు. ఫెచ్ పని చేస్తున్నంతసేపూ తెర మీద చిన్న కుక్క పరిగెడుతూ ఉంటుంది.

మన తెలుగు కూడా కంప్యూటర్లలోకి అదే గాలిలో వచ్చింది. 1990ల తొలి ఏళ్ళలో అమెరికాలో చదువుకుంటున్న మనవాళ్ళు తయారుచేసి ఊరికే పంచిన తెలుగుటెక్ అక్షరాలు, రైస్ యూనివర్సిటీలో పుట్టి ఆర్టీఎస్‌గా పేరుపడ్డ లిప్యంతరీకరణ, ఏ కంపెనీ దుకాణంలోంచీ రాలేదు. ఆపిల్ తన సొంత వ్యవస్థలో తెలుగు అక్షరాలు పెట్టింది 2011లో. అప్పటిదాకా మెకింటాష్ మీద తెలుగు చదువుకోగలిగామంటే ఇలాంటి చేతులు ఒక ముఖ్య కారణం.

డబ్బు రావడమూ తిప్పలే. కవర్లలో నోట్లు, పరాయి దేశాల చెక్కులు వచ్చేవి. చెక్కు మార్చుకుందామంటే బ్యాంకు రుసుమే దాన్ని మింగేసేది. 1994లో కీ నెథరీ మొదలుపెట్టిన కాగీ ఈ బరువును మోసింది. ఎవరు ఏ దేశం నుంచి పంపినా వసూలు చేసి రచయితకి చేర్చేది. 2016 జులై 31న మూతపడే వరకూ ఎందరి ఇంటి అద్దెలో దాని గుండా వెళ్ళాయి. బొమ్మలు చూపించే జేపెగ్‌వ్యూ రాసిన ఏరన్ జైల్స్ డబ్బు బదులు పిక్చర్ పోస్టుకార్డు అడిగాడు. మీ ఊరి బొమ్మ పంపండి చాలు అన్నాడు. దీన్ని పోస్టుకార్డ్‌వేర్ అన్నారు. ఇంత ముద్దొచ్చే ధర ఇంకెవరైనా అడిగారా?

ఆటల వాళ్ళకి మొహమాటం తక్కువ. రోచెస్టర్‌లో ఆండ్రూ వెల్ష్ 1993లో స్థాపించిన ఆంబ్రోసియా 1996లో ఎస్కేప్ వెలాసిటీ విడుదల చేసింది. నక్షత్రాల మధ్య వ్యాపారం చేసుకునే ఆట. ముప్ఫై రోజులు దాటినా డబ్బు కట్టకపోతే ఆటలోనే కెప్టెన్ హెక్టర్ అనే పాత్ర అంతరిక్ష నౌకలో వచ్చి మీ మీద కాల్పులు మొదలుపెడుతుంది. తర్వాతి కాలంలో వాళ్ళిచ్చిన రిజిస్ట్రేషన్ సంకేతాలకి గడువుండేది. కంపెనీ కనుమరుగయ్యాక, డబ్బు కట్టినవాళ్ళే తమ ఆట తాము కొత్త కంప్యూటరులో తెరుచుకోలేకపోయారు. అడ్రసు ఇచ్చి నమ్మినవాళ్ళ ప్రోగ్రాములు ఇవాళ్టికీ నడుస్తున్నాయి, తాళం వేసినవి తాళంతోనే ఉండిపోయాయి.

ఆపిల్ కూడా ఈ పెరట్లోంచి కోసుకుంది. మెనూ పట్టీ కుడిమూలన గడియారం పెట్టే సూపర్‌క్లాక్‌ను స్టీవ్ క్రిస్టెన్సెన్ ఊరికే పంచేవాడు. 1994లో సిస్టమ్ 7.5 వచ్చినప్పుడు అది వ్యవస్థలో భాగమైంది.

2002 మే నెలలో స్టీవ్ జాబ్స్ వేదిక మీద పాత వ్యవస్థ మాక్ ఓఎస్ 9కి శవపేటికతో అంత్యక్రియలు జరిపాడు. 2006లో ఇంటెల్ చిప్పుల మెకింటాష్‌లు, 2007లో లెపర్డ్ అనే కొత్త వ్యవస్థ వచ్చాక పాత ప్రోగ్రాములకి కొత్త మెకింటాష్‌లలో తలదాచుకునే చోటు లేకపోయింది. అక్కడితో అయిపోవాలి. అవలేదు.

2009లో కామెరాన్ కైజర్ మాక్ ఓఎస్ 9 కోసం క్లాసిల్లా అనే బ్రౌజరు విడుదల చేశాడు. పాత మెకింటాష్‌ల పవర్‌పీసీ చిప్పులను ఫైర్‌ఫాక్స్ వదిలేస్తే టెన్‌ఫోర్‌ఫాక్స్ పేరుతో దాన్ని 2021 దాకా మోశాడు. వోల్ఫ్‌గాంగ్ థాలర్ తయారుచేసిన రెట్రో68 ఉంటే ఇప్పటి కంప్యూటరు మీద కూర్చుని 1980ల మెకింటాష్‌కి ప్రోగ్రాము రాయొచ్చు. ఒకప్పుడు లీసా కావలసి వచ్చిన పని ఇప్పుడు ఊరికే అవుతుంది. ఆ పునాది మీద ఎస్ఎస్‌హెవెన్ వచ్చింది. సిస్టమ్ 7 నాటి యంత్రం నుంచి ఇప్పటి సర్వర్లతో భద్రంగా మాట్లాడే సాధనమది. అది కాక, మాస్టోడాన్ అనే సామాజిక మాధ్యమం చదువుకునే మాక్‌స్టోడాన్ వేరే దారిలో వచ్చింది. ఏటా మార్చి నెల వస్తే మార్చింటాష్ పేరుతో పాత యంత్రాలు దుమ్ము దులుపుకుంటాయి, కొత్త ప్రోగ్రాములు బయటికొస్తాయి.

ఇందులో శ్రమ ఎంతో తెలియాలంటే ఒక్కటి చాలు. ఇవాళ ఏ సర్వరైనా మాట కలపడానికి ముందు రెండు వైపులా పెద్ద పెద్ద సంఖ్యలతో లెక్కలు వేయమంటుంది. ఇప్పటి ఫోను అది రెప్పపాటులో చేస్తుంది. 16 మెగాహెర్ట్‌జ్ చిప్పుకి అది కొండ ఎక్కడమే. కర్సరు చేతి గడియారం బొమ్మగా మారి కదలకుండా ఉండిపోతుంది. ఆలస్యమైతే అవతలి సర్వరు విసుగొచ్చి లైను కోసేస్తుంది. అలాంటి యంత్రం కోసం ఒక మనిషి రాత్రిళ్ళు కూర్చుని క్షణం క్షణం మిగిల్చి, పైసా అడగకుండా పంచుతున్నాడు.

ఆ తెల్లకాగితం అనుభవం తర్వాత నేను మూటను మూటగానే పాత యంత్రంలోకి తెచ్చి అక్కడే విప్పడం నేర్చుకున్నాను. ఈ కాలపు రచయితలు కూడా బిన్‌హెక్స్‌లోనో, స్టఫిట్‌లోనో, ఫ్లాపీ నకలుగానో కట్టి ఇస్తున్నది అందుకే. మొన్న మార్చిలో అలా విప్పిన ఒక చిన్న ఆట మొదటి దెబ్బకే నడిచింది. అలవాటుగా ఆపిల్ బొమ్మ కింద మొదటి వరుస తెరిచాను. పేరుంది, ఏడాది ఉంది. వీధి లేదు, డాలర్ల మాట లేదు. ఈమెయిలు ఒకటుంది. ఆడుతున్న తెరను ఫొటో తీసి ఆ అడ్రసుకి పంపుదామనుకున్నాను. పాత తెరను ఫోనుతో తీస్తే మధ్యలో నల్లటి పట్టీ పడుతుంది. నాలుగుసార్లు తీశాను. ఐదోసారి పట్టీ కిందికి జరిగి ఆట మొత్తం కనబడింది. కింద మా ఊరి పేరు రాసి పంపించాను.