ప్రియదర్శిని పెట్టె నుంచి బుజ్జి దాకా

అత్తాపూర్‌లో ఎవరింటికి దారి చెప్పాలన్నా పిల్లర్ నంబరే గుర్తు. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 2009 అక్టోబరులో తెరుచుకున్నాక మా వీధుల పేర్లు వెనకబడి అంకెలు ముందుకొచ్చాయి. మా మేడ మీద నిలబడితే శంషాబాద్ విమానాశ్రయం వైపు పరుగెత్తే కార్ల దీపాలు తెల్లవార్లూ కనపడతాయి. 2025 వేసవిలో ఆ మేడ మీదే ఆరుగురం కూర్చుని తెలుగు సైన్స్ ఫిక్షన్ సినిమాలను వరసగా మళ్లీ చూశాం. ఏది ముందో ఏది వెనకో తేల్చి ఒక నోటుబుక్కులో రాసుకోవాలని పంతం. మాలో పెద్దాయనకు ‘ఆదిత్య 369’ వచ్చిన ఏడు పదేళ్లు. చిన్నవాడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు, వాడికి ఊహ తెలిసేసరికే ‘రోబో’ సినిమాలో చిట్టి పాతబడిపోయాడు.

ఈ పంతానికి మూలం 2025 ఏప్రిల్ 4. ఆ రోజున ‘ఆదిత్య 369’ను 4కేలో, కొత్త శబ్దంతో మళ్లీ విడుదల చేశారు. 2022 ఆగస్టులో మహేశ్‌బాబు పుట్టినరోజుకి ‘పోకిరి’ని తిరిగి ఆడించినప్పటి నుంచి మన థియేటర్లలో పాత సినిమాలకు రెండో కాన్పు మొదలైంది. చాలావాటికి జనం పాటల కోసం, కాగితాలు చల్లడం కోసం వెళ్తారు. దీనికి మాత్రం తండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకొచ్చారు. నా వెనక వరసలో ఒకాయన కాలయంత్రం తెర మీదికి రాగానే, “చూడు, ఇదే నేను చెప్పింది” అని కొడుకు భుజం తట్టాడు. ఇంటికి వచ్చాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు.

నోటుబుక్కు తెరవగానే గొడవ మొదలైంది. పెద్దాయన మొదటి గీత మీద ‘మాయాబజార్’ అని రాసేశారు. “అన్నా, అది పౌరాణికం. అది పెడితే ఇగ మిగిలినయన్నీ ఏడ బోవాలె?” అన్నాడు చిన్నవాడు. వాడి లెక్క తప్పని నేననను. కాని పెద్దాయన పట్టుదలలో ఒక చరిత్ర ఉంది. 1957లో కె.వి.రెడ్డి తీసిన ఆ సినిమాలో ప్రియదర్శిని అనే పెట్టె ఉంటుంది. మూత తెరిస్తే ఎవరికి ఏది ప్రియమో అది కనపడుతుంది. శశిరేఖ తెరిస్తే ఎక్కడో ఉన్న అభిమన్యుడు కనపడి ఆమెతో కలిసి పాడతాడు. మార్కస్ బార్ట్‌లే కెమెరా ఆ పెట్టెను మంత్రంలా కాక, ఇంట్లో వాడుకునే వస్తువులా చూపించింది. పింగళి నాగేంద్రరావు ఆ లోకానికి కావలసిన మాటలను కూడా తానే పుట్టించాడు: అసమదీయులు, తసమదీయులు, గిల్పం, గింబళి. లేని లోకాన్ని నమ్మించాలంటే అక్కడివాళ్లకు సొంత మాటలుండాలని ఆయనకు తెలుసు.

ఆ సినిమాకు కె.వి.రెడ్డి దగ్గర సహాయకుడిగా పనిచేసిన కుర్రవాడే నెల్లూరు జిల్లావాడైన సింగీతం శ్రీనివాసరావు. ఈ ఒక్క కారణంతో ‘మాయాబజార్’ను పోటీలో కాకుండా నోటుబుక్కు అట్ట లోపలి పేజీలో రాశాం, ఇంటి గడప మీద పేరు రాసినట్టు.

సాహిత్యంలోనూ ఇలాంటి గడపలున్నాయి. విశ్వనాథ సత్యనారాయణ ‘హాహాహూహూ’లో గుర్రపు తల గంధర్వుడు లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో వచ్చి పడతాడు. తెల్ల శాస్త్రవేత్తలు అతణ్ని అర్థం చేసుకోలేక తికమకపడతారు. వేరే లోకం నుంచి వచ్చినవాడు మనవాడు, ఆశ్చర్యపోయేది వాళ్లు. ఆ కథను ఎవరైనా సినిమాగా తీస్తే బాగుండునని నాకు ఇరవై ఏళ్ల నుంచీ కోరిక.

ఇక ‘ఆదిత్య 369’. కాలేజీ రోజుల్లో చదివిన హెచ్.జి.వెల్స్ ‘టైమ్ మెషిన్’ సింగీతం మనసులో ఉండిపోయింది. ఒక విమాన ప్రయాణంలో ఆ ఆలోచనను ఎస్పీ బాలసుబ్రహ్మణ్యంతో పంచుకున్నారు. బాలు శ్రీదేవి మూవీస్ వాళ్లకు ఆయన్ను పరిచయం చేసి, తానే సమర్పకుడిగా నిలబడ్డారు. అలా 1991 జులై 18న సినిమా విడుదలైంది. ఇళయరాజా సంగీతం, జంధ్యాల మాటలు. ముగ్గురు ఛాయాగ్రాహకులు పనిచేశారు. వర్తమానం పి.సి.శ్రీరామ్‌ది, రాయలకాలం వి.ఎస్.ఆర్.స్వామిది, భవిష్యత్తు కబీర్‌లాల్‌ది. శ్రీరామ్‌కు ఒంట్లో బాగాలేకపోవడం వల్ల వచ్చిన మార్పే అయినా, ఇప్పుడు చూస్తే మూడు కాలాలకు మూడు జతల కళ్లు దొరికినట్టుంది. వర్తమానంలో నీడలెక్కువ, విజయనగరంలో దీపాల పసుపు, భవిష్యత్తులో లోహపు మెరుపు.

కథ అందరికీ తెలిసిందే. మ్యూజియంలో రాయలనాటి వజ్రం దొంగతనం, దాన్ని కళ్లారా చూసిన పిల్లవాడు, ప్రొఫెసర్ రామదాసు తయారుచేసిన యంత్రం. అందులో ఎక్కిన కృష్ణకుమార్, హేమ, సుత్తివేలు వేసిన కానిస్టేబుల్ 1526లో తేలతారు. రాయలు రాజ్యమేలింది 1509 నుంచి 1529 దాకా కాబట్టి, ఆయన వైభవం పండిన రోజులవి. బాలకృష్ణే రాయలు, బాలకృష్ణే కృష్ణకుమార్. తెనాలి రామకృష్ణుడిగా చంద్రమోహన్. ఇదే రాయల పాత్రను 1956 నాటి ‘తెనాలి రామకృష్ణ’లో ఎన్టీఆర్ వేశారు. తండ్రి వేసిన కిరీటం తలమీద పెట్టుకున్న కొడుకు, జీన్సు వేసుకున్న ఇంకో కొడుకును ఎదురుగా నిలబెట్టుకుని మాట్లాడతాడు. 1991లో హాల్లో కూర్చున్న తెలుగువాడికి ఇది అద్భుతంలా కాక ఇంటి మాటలా తోచి ఉంటుంది. హాలీవుడ్‌లో ‘బ్యాక్ టు ద ఫ్యూచర్’ మూడో భాగం అంతకు ముందు ఏడాదే వచ్చింది. ఆ మూడు భాగాల్లో కుర్రవాడు వెనక్కి వెళ్తే దొరికేది అమ్మా నాన్నల ప్రేమకథ, తాతల పల్లెటూరు. మనవాడికి దొరికింది అష్టదిగ్గజాల సభ.

చిన్నప్పుడు నేను ఈ సినిమాను రాయలకాలం కోసమే ప్రేమించాను. ఈసారి చూస్తుంటే నన్ను పట్టి కూర్చోబెట్టింది ఆ యంత్రం తర్వాత చేరే 2504వ సంవత్సరం. మూడో ప్రపంచయుద్ధం తర్వాతి లోకం అది. పైన రేడియేషన్, మనుషులు భూమి కింద. అప్పుడు ఆ తళతళలన్నీ సరదాగా అనిపించాయి. ఇప్పుడు చూస్తే అవన్నీ నేలమాళిగలో వెలిగించుకున్న దీపాలు. సినిమా వచ్చేనాటికి చెర్నోబిల్ ప్రమాదం జరిగి అయిదేళ్లే, గల్ఫ్ యుద్ధం టీవీల్లో చూసి కొన్ని నెలలే. ఆ భయాన్ని సింగీతం హాస్యం మధ్యలో దాచి పిల్లలకు చూపించారు. సినిమా విడుదలైన ఆరు రోజులకు, జులై 24న, మన్మోహన్ సింగ్ ఆర్థిక సంస్కరణల బడ్జెట్ ప్రవేశపెట్టారు. ఈ మేడ, కింద ఎక్స్‌ప్రెస్‌వే, అవతల విమానాశ్రయం ఆ బడ్జెట్ తెరిచిన దారిలో వచ్చినవే. మేం ఇప్పుడు కూర్చున్నది 1991 ఊహించని భవిష్యత్తులో.

ఆ సినిమా ఆడింది. తమిళంలోకీ హిందీలోకీ వెళ్లింది. అయినా దాని వెనక ఎవరూ నడవలేదు. దాదాపు పాతికేళ్లు మన పరిశ్రమ యంత్రాల జోలికి పెద్దగా పోలేదు. 2004లో ఎస్.జె.సూర్య ‘నాని’ తీశారు. ఎనిమిదేళ్ల పిల్లవాణ్ని శాస్త్రవేత్త ఇరవై ఎనిమిదేళ్ల మహేశ్‌బాబుగా మార్చేస్తాడు. ఆలోచన కొత్తదే, సినిమా నిలబడలేదు. 2010లో ‘రోబో’, 2016లో ‘24’ తమిళం నుంచి వచ్చి మన పిల్లల మనసు దోచాయి. ‘24’ దర్శకుడు విక్రమ్ కె.కుమార్ తెలుగులో ‘మనం’ తీసినవాడే గనక దాన్ని సగం మనదే అనుకున్నాం. పూరీ జగన్నాథ్ ‘ఇస్మార్ట్ శంకర్’లో ఒకడి జ్ఞాపకాలు ఇంకొకడి తలలోకి ఎక్కిస్తాడు. మా చిన్నవాడు దాన్ని అయిదో స్థానంలో పెట్టమని ఒక రాత్రంతా వాదించాడు. వాడు చెప్పిందాంట్లో నాకు నచ్చిన మాట ఒకటుంది: “గందులో సైన్సు ఎట్లనన్న ఉండని, మాట మాత్రం మన గల్లీదే.” ఒప్పుకున్నాను, ఎనిమిదో స్థానం ఇచ్చాం.

‘అంతరిక్షం’ 2018 డిసెంబరులో వచ్చింది. సంకల్ప్ రెడ్డి శ్రమ ప్రతి ఫ్రేములోనూ కనపడుతుంది. శూన్యంలో తేలే మనుషుల్ని చక్కగా నమ్మించాడు గాని, భూమ్మీద వాళ్లకోసం ఎదురుచూసే ఇళ్లను నమ్మించలేకపోయాడు. ఆ లోటు లేని సినిమా ‘స్కైలాబ్’. 2021లో వచ్చింది, ఎక్కువమంది చూడలేదు. 1979లో అమెరికా వాళ్ల అంతరిక్ష కేంద్రం కూలి నెత్తిన పడుతుందని బండలింగంపల్లి వణికిపోయిన కథ. దాన్ని మా అమ్మతో కలిసి చూశాను. ఆమెది కరీంనగర్ వైపు. “ఉన్న కోళ్లన్నీ కోసుకొని తిన్నరు. మీ తాత మాత్రం పొలానికి పోయిండు” అంది. జులై 11న స్కైలాబ్ శకలాలు హిందూ మహాసముద్రంలోనూ ఆస్ట్రేలియాలోనూ పడ్డాయి. సరిగ్గా నెలకు, ఆగస్టు 10న, శ్రీహరికోట నుంచి మన మొదటి ఎస్‌ఎల్‌వి-3 లేచి సముద్రంలో కూలింది. మరుసటి ఏడు, 1980 జులై 18న, అదే రకం రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. పదకొండేళ్ల తర్వాత అదే తారీఖున ‘ఆదిత్య 369’ వచ్చింది. ఈ రెండు తేదీలూ పక్కపక్కన రాసి పెద్దాయన చాలాసేపు చూస్తూ ఉండిపోయారు.

మా వరసలో నన్ను ఏడిపించింది ‘ఒకే ఒక జీవితం’. 2022లో శ్రీకార్తీక్ తీశాడు. 2019 నుంచి 1998కి ముగ్గురు స్నేహితులు వెళ్తారు. ఒకడికి పోయిన అమ్మ కావాలి. శర్వానంద్ ఆ ఇంటి గుమ్మంలో నిలబడి బతికున్న అమలను చూసే క్షణం దగ్గర యంత్రం, సిద్ధాంతం, నాజర్ ప్రయోగశాల అన్నీ పక్కకు తప్పుకుంటాయి. విజయనగరం అక్కర్లేదు, వజ్రం అక్కర్లేదు, వెనక్కి వెళ్లడానికి ఒక వంటిల్లు చాలు. దానికి రెండో స్థానం అడిగింది నేనే, దానికోసం చివరిదాకా పోరాడాను.

ఎందుకంటే రెండో స్థానం మీద కుర్రవాళ్లందరూ ‘కల్కి 2898 ఏడీ’ని నిలబెట్టారు. 2024 జూన్ 27న వైజయంతీ మూవీస్ విడుదల చేసిన ఈ సినిమాలో పేరే ఒక లెక్క. కురుక్షేత్రం దగ్గర మొదలై ఆరువేల ఏళ్లు దాటి 2898లో తేలుతుంది. అమితాబ్ అశ్వత్థామ నిజంగా ఆరువేల ఏళ్లు బతికినవాడిలా అలసిపోయి ఉంటాడు. నా లెక్కన ఈ సినిమాకు గుండెకాయ అతనే. కథానాయకుడు భైరవ నడిపే బండి బుజ్జిని మహీంద్రా వాళ్లు, కోయంబత్తూరు జయెమ్ వాళ్లు నిజంగా నడిచేలా కట్టారు, ఆరు టన్నుల బరువు. దాన్ని ఊళ్లు తిప్పుతుంటే పిల్లలు వెంటపడ్డారు. నా అసంతృప్తి ఒకటే. ఆ లోకానికి మాటలు లేవు. ధనవంతుల ఊరు కాంప్లెక్స్, డబ్బు యూనిట్లు. పింగళి కూర్చున్న పరిశ్రమలో, ఆరువేల ఏళ్ల తర్వాతి కాశీలో ఒక్క కొత్త తెలుగు మాట పుట్టకపోవడం నాకు నొప్పిగా ఉంది. రెండో భాగంలోనైనా ఎవరో ఒకరు ఆ పనికి కూర్చోవాలి.

కాని ఈ సినిమాకు మార్గదర్శిగా ఉన్నది ఎవరో గుర్తు చేసుకుంటే నా కోపం కరిగిపోతుంది. నాగ్ అశ్విన్ 2020లోనే సింగీతాన్ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. విడుదలనాటికి ఆయనకు 92 ఏళ్లు. అంతకుముందు 2018లో నాగ్ అశ్వినే ‘మహానటి’ తీశాడు. అందులో ‘మాయాబజార్’ షూటింగు మళ్లీ జరుగుతుంది. కె.వి.రెడ్డిగా దర్శకుడు క్రిష్, పక్కన అసిస్టెంటు సింగీతంగా దర్శకుడు తరుణ్ భాస్కర్. ఆ సన్నివేశాన్ని మేడ మీద గోడకు ప్రొజెక్టరుతో వేసి మూడుసార్లు చూశాం. కె.వి.రెడ్డి సెట్టులో క్లాప్ పట్టుకున్న కుర్రవాడు కాలయంత్రం కట్టి, ముసలితనంలో అశ్వత్థామను తీసేవాడికి దారి చూపించాడు. అరవై ఏడేళ్లు, మధ్యలో ఒక్క మనిషి.

వరస చివరికి ఇలా తేలింది. ‘మాయాబజార్’ అట్ట లోపల, ఒకటి ‘ఆదిత్య 369’, రెండు దగ్గర రెండు పేర్లు పక్కపక్కన, నాలుగు ‘స్కైలాబ్’. మూడో గీత ఖాళీగా ఉంచాం. దాని ఎదురుగా చిన్నవాడు పెన్సిల్‌తో ‘999’ అని రాశాడు. బాలకృష్ణ ఎన్నో ఏళ్లుగా చెబుతూ వచ్చిన ‘ఆదిత్య 999’ అది, అప్పటికింకా రాలేదు. పెద్దాయన ఆ అంకె చుట్టూ సున్నా చుట్టి నోటుబుక్కు మూసి నాకిచ్చారు. కింద ఎక్స్‌ప్రెస్‌వే మీద విమానాశ్రయానికి పోయే బండ్ల రద్దీ అప్పుడే మొదలైంది, తెల్లవారుజామున నాలుగైంది.