పటము ముందు, యంత్రము వెనుక

ఇల్లు కట్టదలచినవారు ముందుగా ఇటుకలు పేర్చుకొనుచు పోరు. గదులు ఎన్ని, ద్వారము ఏ దిక్కున, బావి ఎక్కడ అని ఒక పటము గీయించుకొందురు. గోడ ఇటుకదైనను, రాతిదైనను ఆ పటము మారదు. ఈ చిన్న సత్యమును గ్రహించుటకు గణన యంత్రముల లోకమునకు సుమారు అర్ధశతాబ్దము పట్టినది. ఇప్పుడు క్వాంటమ్ యంత్రము వచ్చి, అదే పాఠమును మరల మొదటినుండి చదివించుచున్నది.

1946లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున ఎనియాక్ అను గణన యంత్రమును లోకమునకు చూపిరి. దానిలో సుమారు 18,000 వాక్యూమ్ గొట్టములు ఉండెడివి. ఒక లెక్క ముగించి మరియొక లెక్కకు మరలవలెనన్నచో తీగలు ఊడదీసి వేరుచోట్ల తగిలించవలెను, మీటలు తిప్పవలెను. అందులో రోజులు గడచిపోయెడివి. ఆ పనికి మొదట నియమితులైనవారు ఆరుగురు యువతులు. వారి నేర్పు అసామాన్యము. కాని ఆ తీగల అమరిక ఆ ఒక్క యంత్రమునకే చెల్లును.

1952లో గ్రేస్ హాపర్, మనుష్యులు వ్రాసిన సంకేతములను యంత్రమే తన ఆదేశములుగా కూర్చుకొను పద్ధతిని సాధించిరి. 1957లో జాన్ బాకస్ బృందము ఫోర్ట్రాన్ భాషను వెలువరించినది. యంత్రము కూర్చిన ఆదేశములు నిపుణుడు చేతితో వ్రాసినవానికి సాటిరావని అప్పుడు ఎందరో సందేహించిరి. ఆ సందేహము క్రమముగా తీరినది. గణితము తెలిసినవాడు యంత్రపు గర్భములోనికి తొంగిచూడకయే లెక్క వ్రాయగలిగెను.

భాషలు వచ్చినను చిక్కు తీరలేదు. 1968లో జర్మనీలోని గార్మిష్‌లో సమావేశమైన శాస్త్రజ్ఞులు, పెద్ద ప్రోగ్రాములు గడువు దాటుచున్నవనియు, ఖర్చు మించుచున్నవనియు, తప్పులతో నిండియున్నవనియు చర్చించిరి. సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగు అను పేరు ఆ సభతోనే వ్యాప్తిలోనికి వచ్చినది. 1997లో యు.ఎం.ఎల్. అను చిత్రభాష ప్రమాణముగా అంగీకృతమైనది. 2001 నాటికి దానిపై ఒక పద్ధతి రూపొందినది. చేయవలసిన పని యేమో, ఏ యంత్రము పేరునూ ఎత్తక తెలుపునది మొదటి నమూనా. ఒకానొక యంత్రమునకు తగినట్లు మార్చినది రెండవ నమూనా. మొదటిదానిని రెండవదిగా మార్చుటకు నియమములు వ్రాసియిచ్చినచో, ఆ మార్పులో చాలభాగమును యంత్రమే చేయును. నమూనాలే ఆధారముగా సాఫ్ట్‌వేరును నిర్మించుట యనగా ఇదే.

ఇక క్వాంటమ్ యంత్రము సంగతి. ప్రకృతి క్వాంటమ్ నియమములను అనుసరించుచున్నది గనుక, దానిని అనుకరించు యంత్రము కూడ ఆ నియమములతోనే నడువవలెనని రిచర్డ్ ఫైన్‌మన్ 1981లో వాదించిరి. సాధారణ యంత్రములో ఒక బిట్టు సున్నగానో ఒకటిగానో ఉండును. క్యూబిట్టులో ఆ రెండును కలసియుండవచ్చును. కొలిచినప్పుడు మాత్రము ఏదో ఒకటియే తేలును. ఈ యంత్రము అన్ని జవాబులను ఒక్కసారిగా చూచునని చెప్పుట కలదు. అది పూర్తి సత్యము కాదు. తప్పు జవాబులకు దారితీయు తరంగములు ఒకదానినొకటి అణచుకొని, సరియైన దాని తరంగము బలపడునట్లు క్రమమును కూర్చుటయే ఇందలి విద్య.

భారతదేశమున జన్మించిన లవ్ గ్రోవర్ 1996లో అట్టి క్రమమును ఒకదానిని కనుగొనిరి. వరుస లేని 10 లక్షల పేర్లలో ఒకదానిని వెదకుటకు సాధారణ యంత్రము సగటున 5 లక్షల పేర్లు చూడవలసియుండగా, ఆ క్రమము ప్రకారము సుమారు 800 అంచెలు చాలును. ఆ నాటికి దానిని నడుపగల యంత్రమే లేదు. 1998లో ద్రవములోని అణువుల అయస్కాంత ధర్మములను వాడి, రెండు క్యూబిట్టులతో దానిని పరీక్షించిరి. ఆ తరహా యంత్రములు నేడు ముందువరుసలో లేవు. గ్రోవర్ క్రమము మాత్రము నిలిచియున్నది. యంత్రము పేరెత్తని పటమునకు గల ఆయువు అట్టిది.

2016లో ఐ.బి.ఎం. సంస్థ ఐదు క్యూబిట్టుల యంత్రమును దూరమునుండి ఎవరైనను వాడుకొనునట్లు తెరచినది. వాడువారు చేసిన పని యేమి? ఒక్కొక్క క్యూబిట్టుకు ఒక్కొక్క గీత గీసి, దానిపై ఒక్కొక్క గేటును పెట్టుకొనుచు పోవుట. ఎనియాక్ తీగల కాలము మరల వచ్చినట్లయినది. పైగా యంత్రములు ఒక్కతీరుగా లేవు. అతిశీతల లోహవలయములతో చేసిన పెక్కు యంత్రములలో క్యూబిట్టు తన ఇరుగుపొరుగుతోనే మాటలాడగలదు. దూరమున ఉన్నదానితో కలుపవలెనన్నచో మధ్యవానితో స్థలములు మార్పించవలెను. ఒక్కొక్క మార్పునకు సామాన్యముగా మూడు గేట్లు ఖర్చగును. అయానులను శూన్యములో బంధించి చేసిన యంత్రములో, ఒక వరుసలోని ఏ రెండైనను సూటిగా కలియగలవు. ఒకదానికై వ్రాసినది రెండవదానికి అట్లే అమరదు.

అందుచేత 2020 నుండి కొందరు పరిశోధకులు పాత విద్యను కొత్త యంత్రమునకు తెచ్చిరి. ఆ సంవత్సరమే స్పెయిన్‌లోని తలవేరా పట్టణము పేర, క్వాంటమ్ సాఫ్ట్‌వేరుకును ఇంజనీరింగు క్రమశిక్షణ కావలెనను ప్రకటన వెలువడినది. యు.ఎం.ఎల్. చిత్రభాషలో క్వాంటమ్ భాగములను గుర్తించు పద్ధతులను కూడ ప్రతిపాదించిరి. బ్యాంకు లెక్కలలోగాని, ఔషధ పరిశోధనలోగాని క్వాంటమ్ భాగము పెద్ద ఇంటిలో ఒక గది వంటిది. తక్కిన గదులు సాధారణ యంత్రమువి. రెంటికి నడుమ ద్వారము ఎక్కడనో ఒకే పటములో కనబడవలెను.

పటము ఇక్కడ మరింత అవసరమగుటకు వేరొక కారణమును కలదు. సాధారణ ప్రోగ్రాములో తప్పు వచ్చినచో నడుమ ఆపి, అంకెలు చూచి సరిదిద్దుకొనవచ్చును. క్వాంటమ్ లెక్కను నడుమ కొలిచినచో దాని స్థితియే చెడును. పోనీ, నకలు తీసి చూతమన్న, తెలియని క్వాంటమ్ స్థితికి నకలు తీయుట అసాధ్యమని 1982లోనే నిరూపితమైనది. కట్టిన తరువాత గోడ లోపల చూడలేనివాడు కట్టకముందే పటమును చక్కగా పరిశీలింపవలెను.

ఇందు ఒక పరిమితియు కలదు. నేటి క్వాంటమ్ యంత్రములు తరచుగా తప్పుచున్నవి. ప్రతి అదనపు గేటును తప్పునకు అవకాశమే. పటమునుండి యంత్రమే కూర్చిన క్రమము అనవసరముగా పొడవైనచో, జవాబు తప్పులలో మునిగిపోవును. కనుక నిపుణుడు ఇప్పుడిప్పుడే యంత్రమును పూర్తిగా మరచిపోజాలడు. 1957 నాటి సందేహము నేడు మరల సజీవమైనది.

2025 మే నెలలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము, ఐ.బి.ఎం., టి.సి.ఎస్. సంస్థలు కలసి, 156 క్యూబిట్టుల యంత్రమును అమరావతిలో నెలకొల్పు సంకల్పమును ప్రకటించినవి. అట్టి యంత్రముల చెంతకు చేరబోవు మన యువతీయువకులకు ఆ ఒక్క యంత్రపు గేట్ల మర్మమును మాత్రమే నేర్పినచో, యంత్రము మారిన నాడు వారి విద్యయు పాతబడును. పని స్వరూపమును యంత్రమునుండి వేరుచేసి ఆలోచించుట కూడ నేర్పినచో, రాబోవు యంత్రము ఏదియైనను వారు దానికి పని చెప్పగలుగుదురు.