బోర్డో ఎర్ర వైన్
నైరుతి ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతంలో, వేర్వేరు ద్రాక్ష రకాల వైన్లను కలిపి చేసే పానీయం. జిరోండ్ నదీముఖానికి ఎడమ గట్టున ఉన్న మెదోక్‌లో కాబెర్నే సోవిన్యోన్‌ది పైచేయి. కుడివైపున సాంతెమిల్యోన్, పొమెరోల్‌లలో మెర్లో ఎక్కువ. కాబెర్నే ఫ్రాంక్, పెతీ వెర్దో కొద్దికొద్దిగా చేరుతాయి.

మేలురకం వైన్‌ను 225 లీటర్ల ఓక్ పీపాల్లో సాధారణంగా 12 నుంచి 24 నెలలు ఉంచి సీసాల్లోకి ఎత్తుతారు. అసలు మార్పు ఆ తరవాతే. తొక్కల నుంచి, గింజల నుంచి దిగిన టానిన్లనే వగరు పదార్థాల వల్ల లేత వైన్ పచ్చి కరక్కాయ కొరికినట్టు నాలుకను పట్టేస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ టానిన్లు ఒకదానితో ఒకటి, రంగు పదార్థాలతోనూ ముడిపడి వగరు మెత్తబడుతుంది. కొంత మడ్డిగా అడుక్కి దిగుతుంది. అందుకే తాగేముందు పాత సీసాను కదలకుండా నిలబెట్టి, తేటను మాత్రమే మెల్లగా వేరే పాత్రలోకి వంచుతారు.

గ్లాసును తెల్లగుడ్డ మీద వాల్చి చూస్తే లేతదాని అంచు ఊదాగా, ముదిరినదాని అంచు ఇటుకరంగులో కనిపిస్తుంది. పండు వాసన తగ్గి దేవదారు చెక్క, పొగాకు, తోలు వాసనలు పైకొస్తాయి. ఈ వాసనల కోసమే ఇన్నేళ్ల ఓపిక.

నిల్వకు చీకటి, 12–14 డిగ్రీల నిలకడైన చల్లదనం కావాలి. బిరడా ఎండకుండా సీసాను పడుకోబెట్టాలి. బోర్డో వైన్లకు శ్రేణులు ఇచ్చిన 1855 వర్గీకరణలోని మేటి వైన్లు మంచి పంట ఏడాదివైతే 30 ఏళ్లకు పైగా నిలుస్తాయి. మామూలు బోర్డోను దాచడం దండగ. నాలుగైదేళ్లలో తాగేయడమే మేలు.