అచ్చైన మాటకు సాక్షి ఎవరు?

గాంధీపురమున శుభలేఖలు అచ్చువేయించుకొను మనకు ముద్రణాలయ మనగానే మంగళకార్యములే జ్ఞప్తికి వచ్చును. కాని అచ్చుకాగితము న్యాయస్థానపు మెట్లును ఎక్కుచుండును. అట్టి వేళ విషయము తెలిసినవారి అభిప్రాయమును వినవచ్చునని 1872 నాటి సాక్ష్య చట్టము 45వ సెక్షను చెప్పినది. 2024 జులై 1 నుండి అమలైన కొత్త చట్టమున అది 39వ సెక్షను. కాగితము, సిరా, అక్షరముల పోలిక చూచి నకిలీని పట్టువారు కొందరు. అచ్చైన మాటల అర్థము తేల్చువారు మరికొందరు.

ఈ రెండవ తెగవారి మాట ఎంత దూరము పోగలదో తమిళనాటి తెలుగు కావ్యమొకటి చెప్పును. తంజావూరు ప్రతాపసింహ మహారాజు (1739–1763) కొలువున ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ రచించెను. బెంగుళూరు నాగరత్నమ్మగారు దానిని పరిష్కరింపగా 1910లో చెన్నపట్టణమున వావిళ్లవారు అచ్చువేసిరి. మరుసటి యేడే అశ్లీలమని ప్రభుత్వము అడ్డుపడెను. ప్రభుత్వ అనువాదకులు గోటేటి కనకరాజు పంతులుగారు కొన్ని పద్యములు దోషయుక్తములనిరి. పండితులు కాదని విన్నపము పంపిరి. సిగ్గు, మర్యాద స్త్రీలకేనా అని నాగరత్నమ్మగారు పీఠికలోనే అడిగియుండిరి. ఉభయులును తెలిసినవారే, ప్రభుత్వపు చెవి కెక్కినది ఒకరి మాటయే.

టంగుటూరి ప్రకాశంగారి చొరవతో 1947లో నిషేధము తొలగెను. 1952లో వావిళ్లవారే మరల అచ్చువేసిరి. ఆ నడుమ ఒక తరము తన కావ్యమును తాను చదువుకొనలేకపోయెను.

నిపుణుని మాట అభిప్రాయమే గాని తీర్పు కాదు. తూచవలసినది న్యాయాధిపతి. పొరుగు భాషల నడుమ తెలుగు నిలుపుకొను మనము ఈ ఉగాదినాడు తలచుకొనదగిన నీతి ఇదియే: ఒకరు చెప్పిరని పుస్తకము మూయక, తెరచి చదివి తేల్చుకొందము.