ఎర్రబస్సు ఖర్చు ఎవరిది?

పట్నంలో ఎవరైనా కాస్త బెదురుగా దిక్కులు చూస్తే చాలు, "ఏమోయ్, ఇప్పుడే ఎర్రబస్సు దిగావా?" అని ఆటపట్టించడం మనవాళ్ళకు అలవాటు. పాపం, ఆ బస్సు చేసిన నేరమల్లా రైలు రాని ఊళ్ళకు కూడా పోవడమే. వేళాకోళం సంగతి అలా ఉంచండి. ఆ బస్సు మన ఊళ్ళకు ఎలా వచ్చింది, దాని ఖర్చు ఎవరు భరించారు అన్నది పెద్ద కథ. అందులో ఒక సంస్థానం ఉంది, సుప్రీంకోర్టు ఉంది, ఒక ముఖ్యమంత్రిగారి రాజీనామా కూడా ఉంది!

ముందు అసలు చిక్కేమిటో చూద్దాం. పట్నం నుంచి 30 కిలోమీటర్ల దూరంలో ఒక కొస ఊరు ఉందనుకోండి. పొద్దున్నే పట్నం వచ్చే బస్సులో నిలబడ్డానికి చోటుండదు. అదే బస్సు తిరిగి పోయేటప్పుడు కండక్టరుగారు కాళ్ళు బారజాపుకుని కూర్చోవచ్చు. సాయంత్రం దీనికి తలకిందులు. మధ్యాహ్నం ట్రిప్పు గురించి చెప్పనే అక్కర్లేదు. బస్సు నిండినా, నిండకపోయినా డ్రైవరు జీతం అంతే, డీజిలు ఇంచుమించు అంతే, గుంటల్లో పడి అరిగే టైర్లూ అంతే. టిక్కెట్టు డబ్బులతోనే ఆ ఖర్చు రావాలంటే, ఆ బస్సు ఆ ఊరికి ఎన్నటికీ పోదు. మరి పోయింది కదా? ఎవరి డబ్బుతో?

మొదటి జవాబు నిజాం సంస్థానంలో దొరికింది. అక్కడి రైల్వేని 1930లో సంస్థాన ప్రభుత్వం కొనుక్కుంది. 1932 జూన్‌లో 27 బస్సులు, 166 మంది ఉద్యోగులతో ఆ రైల్వేకే ఒక రోడ్డు రవాణా శాఖ పుట్టింది. ఇందులో ఉన్న తెలివి గమనించారూ? అప్పటికే దేశంలో చాలాచోట్ల బస్సులూ రైళ్ళూ ఒకే దారిన పక్కపక్కనే పరుగెడుతూ ఒకదాని ప్రయాణికులను ఇంకొకటి లాక్కుంటున్నాయి. రెండూ ఒకే యజమానివైతే ఆ పోటీతో పనేముంది? రైలు ఆగిన చోట బస్సు అందుకుంటుంది. బస్సులో నష్టం వచ్చినా, అది తీసుకొచ్చి దింపిన మనిషి రైలు టిక్కెట్టు కొంటాడు. ఏ జేబులో పడినా డబ్బు ఒకే ఇంట్లో ఉంటుంది. అన్నట్టు, ఆర్టీసీ బస్సుల నంబర్లలో కనిపించే 'జెడ్' అక్షరం ఏడవ నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద పెట్టిందేనని చెప్పుకుంటారు.

ఇటు ఆంధ్ర జిల్లాల్లో కథ వేరు. ఇక్కడ బస్సులు ప్రైవేటు యజమానులవి. 1939 మోటారు వాహనాల చట్టం వచ్చాక ఏ రూటుకైనా పర్మిట్టు కావాలి. పర్మిట్టు ఉన్నవాడికి ఆ రూటు మాన్యం లాంటిది. యజమానులంతా దుర్మార్గులని కాదు సుమండీ! ఊరివాళ్ళను పేరుపెట్టి పిలిచి, ముసలమ్మ వచ్చేదాకా బస్సు ఆపినవాళ్ళూ ఉన్నారు. కానీ ఎవరి బస్సు లెక్క వారిది. మంచి రూటున్న యజమాని తన లాభం తెచ్చి, ఎవరిదో నష్టం రూటులో ఎందుకు పోస్తాడు?

1950లో వచ్చిన రోడ్డు రవాణా సంస్థల చట్టం ఈ ముడి విప్పబోయి, ఇంకో ముడి వేసింది. అందులోని 18వ సెక్షన్, ప్రజలకు చాలినంతగా, చౌకగా, ఒకదానితో ఒకటి పొందికగా ఉండే బస్సులు నడపమంటుంది. నాలుగు సెక్షన్లు దాటి 22కు వస్తే, సంస్థ వ్యాపార సూత్రాల మీద నడవాలంటుంది. పెళ్ళికి వచ్చినవాళ్ళందరికీ కడుపునిండా పెట్టు, కానీ బియ్యం బస్తా తరగకూడదు అన్నట్టుంది కదూ? 1958 జనవరి 11న పుట్టిన ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ నెత్తిన ఈ రెండు సెక్షన్లూ పడ్డాయి.

రెండూ పొసగాలంటే ఒకటే మార్గం. లాభం రూట్లూ నష్టం రూట్లూ ఒకే సంచీలో వేసుకోవడం. ఉమ్మడి కుటుంబంలో పెద్దన్నయ్య జీతం మీద తమ్ముడు చదువుకున్నట్టు, హైవే మీద మిగిలిన డబ్బు మట్టిరోడ్డు బస్సుకు డీజిలు పోయాలి. అందుకే జిల్లా తర్వాత జిల్లాగా బస్సుల జాతీయకరణ మొదలైంది.

యజమానులు ఊరుకుంటారా? కృష్ణా జిల్లా వాళ్ళు సుప్రీంకోర్టుకెక్కారు. అభ్యంతరాలు విన్నది కార్యదర్శి, తీర్పు చెప్పింది ముఖ్యమంత్రి, ఇదేం న్యాయమన్నారు. విన్నవాడే తీర్పు చెప్పాలని 1958లో కోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. దాంతో ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డిగారే కూర్చుని అభ్యంతరాలు విన్నారు. 1959లో కోర్టు సరేనంది. ఈ గుళ్ళపల్లి నాగేశ్వరరావు కేసును లా చదివే పిల్లలు నేటికీ వల్లెవేస్తూనే ఉన్నారు.

అంతకన్నా పెద్ద దెబ్బ కర్నూలులో తగిలింది. జిల్లాల వరుస తప్పించి, కర్నూలు జిల్లా పడమటి భాగాన్ని ముందుకు లాగారనీ, అది ముఖ్యమంత్రి తన రాజకీయ ప్రత్యర్థులను దెబ్బతీయడానికి చేయించిందనీ యజమానుల ఆరోపణ. దాన్ని ఆయన స్వయంగా ప్రమాణపత్రం వేసి కాదనలేదన్న సంగతి ఎత్తిచూపి, 1964లో సుప్రీంకోర్టు ఆ పథకాలను రద్దు చేసింది. సంజీవరెడ్డిగారు ఆ ఫిబ్రవరిలో పదవి వదులుకున్నారు. ఉమ్మడి సంచీ మంచిదే కావచ్చు, కానీ దాని మూతితాడు ఎవరి చేతిలో ఉందన్నదీ ముఖ్యమేనని ఆ కేసు చెప్పింది.

ఏమైతేనేం, ఉమ్మడి కాపురం కొన్ని దశాబ్దాలు బాగానే సాగింది. రాత్రి ఊళ్ళోనే పడుకుని తెల్లారగట్ల బయల్దేరే నైట్ హాల్ట్ బస్సు కాలేజీ పిల్లలను మోసింది, కూరగాయల గంపలను మోసింది, కాన్పుకు పోయే ఆడపిల్లనూ మోసింది. తర్వాత రెండు వైపుల నుంచీ కోత మొదలైంది. హైవే మీది లాభాన్ని ప్రైవేటు బస్సులు పంచుకుపోయాయి. ఊరి జంక్షన్‌లో నిలబడ్డ నలుగురినీ షేర్ ఆటో ఎక్కించుకుపోయింది. పెద్దన్నయ్య జీతం తగ్గింది, తమ్ముడి ఖర్చు పెరిగింది.

అప్పుడు డిపోలో లెక్క తీస్తారు, కిలోమీటరుకు ఎంత వస్తోందని. చివరి 8 కిలోమీటర్లలో ఆరుగురే ఉన్నారు, ఆ ముక్క కోసేద్దామంటారు. కాగితం మీద లెక్క తప్పు కాదు. కానీ ఆ ఆరుగురూ మిగతా 22 కిలోమీటర్లకూ టిక్కెట్టు కొన్నవాళ్ళే కదా! తోక కోసేస్తే వాళ్ళు జంక్షన్ దాకా ఆటోలో వచ్చి, ఎలాగూ ఎక్కాం కదా అని అందులోనే పట్నం పోతారు. మర్నాడు ఆ 22 కిలోమీటర్ల లెక్కా పలచబడుతుంది. ఇంకో ముక్క కోతకు సిద్ధం! ఏటి పిల్లకాలువలన్నీ పూడ్చేసి, ఏరెందుకు ఎండిందని అడిగినట్టుంటుంది.

2019లో తెలంగాణ ఆర్టీసీలో 52 రోజుల సమ్మె జరిగింది. 2020 జనవరి 1 నుంచి ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ సిబ్బంది ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. 2023 డిసెంబరు 9న తెలంగాణలోనూ, 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లోనూ ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం వచ్చింది. అంటే 'ఎవరి డబ్బుతో?' అన్న ప్రశ్నకు ఇప్పటి జవాబు ప్రభుత్వ ఖజానా. సంతోషమే. కూలికి పోయే తల్లికి రోజూ మిగిలే ఆ బస్సు ఛార్జీ చిన్నదేమీ కాదు.

అయితే ఒక మెలిక ఉంది. ఖజానా డబ్బు టిక్కెట్టు వెంట వస్తుంది. టిక్కెట్టు బస్సులో తెగుతుంది. బస్సే రాని ఊళ్ళో ఉచిత టిక్కెట్టు తెగేదెక్కడ? ఆ తల్లి షేర్ ఆటోకు మాత్రం డబ్బులిచ్చుకోవాల్సిందే. నిండిన సీటుకు లెక్కగట్టి ఇచ్చే డబ్బు, నిండే రూటుకే బస్సును తీసుకుపోతుంది. కొస ఊరికి బస్సు కావాలంటే ఎంతమంది ఎక్కారని కాకుండా, ఆ ట్రిప్పు నడిచిందా లేదా అని చూసి డబ్బివ్వాలి. ఊరి బడికి జీతమిచ్చేటప్పుడు ఇవాళ ఎంతమంది పిల్లలొచ్చారని తలలు లెక్కపెట్టి ఇవ్వం కదా!

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా ఫర్వాలేదంటారు. ఇన్నేళ్ళూ కొస ఊరివాళ్ళు ఆ నమ్మకంతోనే రావిచెట్టు కింద బస్సు కోసం కూర్చున్నారు. విస్తరి వేయించారు, సరే. ఇక ఆ బంతిదాకా వడ్డన రావాలి.